బెడ్ పక్కన రాసిందే రికార్డు: నర్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాణ్యతను ఒక్క వార్డుతో మొదలుపెట్టే పద్ధతి

ఆగస్టు నెల. ఫీవర్ వార్డు నిండిపోయి వరండాలో కూడా మంచాలు వేసిన రోజులు. నైట్ డ్యూటీ సిస్టర్ ఎడమ చేతి మీద మైక్రోపోర్ ప్లాస్టర్ ముక్క అంటించుకుని, దాని మీద బాల్‌పెన్నుతో బెడ్ నంబర్లూ బీపీలూ రాసుకుంటూ పోతోంది. పది గంటల రౌండు అది. మధ్యలో ఒకాయనకు ఫిట్స్ వచ్చాయి, రెండు కొత్త అడ్మిషన్లు వచ్చాయి, ఎవరిదో సెలైన్ అయిపోయింది. ఆమె సిస్టం ముందు కూర్చునేసరికి ఒంటి గంట దాటింది. చెమటకు ప్లాస్టర్ మీద సిరా అలుక్కుపోయి 7 ఏదో 9 ఏదో తెలియకుండా ఉంది. గుర్తున్నంతలో టైపు చేసేసింది.

తెల్లారి రౌండులో డాక్టర్ గారు స్క్రీన్ చూసి 9వ బెడ్ పెద్దమ్మకు బీపీ మాత్ర ఆపమన్నారు. నిజానికి బీపీ పడిపోయింది 7వ బెడ్ ఆమెకు. మార్నింగ్ సిస్టర్ మందులు ఇచ్చే ముందు తన అలవాటు కొద్దీ ఇద్దరికీ మళ్లీ బీపీ చూసింది కాబట్టి బయటపడింది, లేకపోతే లేదు.

అప్పుడు ఆ వార్డు ఇన్‌చార్జ్‌ని నేనే. ఆ రాత్రి డ్యూటీ చేసిన అమ్మాయిని పిలిచి కేకలేయాలనే మొదట అనిపించింది. స్క్రీన్ తెరిచి చూస్తే మాత్రం ఎంట్రీ ముచ్చటగా ఉంది: కొట్టివేతలు లేవు, ఖాళీలు లేవు, అక్షరం పోలేదు. కాగితం కేస్ షీట్ అయితే దిద్దిన చోటు చూసి ఎవరికైనా అనుమానం వచ్చేది. తప్పును సాఫ్ట్‌వేర్ శుభ్రంగా చూపించింది. బీపీ చూసిన క్షణానికీ ఎంట్రీ కొట్టిన క్షణానికీ మధ్య మూడు గంటల దూరం ఉంది, పేషంట్‌కు ప్రమాదం ఆ దూరంలోనే ఉంది. నర్సింగ్ సమాచార వ్యవస్థలో నాణ్యత అంటే నా దృష్టిలో మొదటి పని ఆ దూరాన్ని తగ్గించడం. మిగతావన్నీ దాని తర్వాతే.

వరంగల్, హనుమకొండ, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు ఆసుపత్రుల్లో ఇప్పుడు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. ఇన్‌చార్జ్ సిస్టర్లు, నర్సింగ్ సూపరింటెండెంట్లు, కొత్తగా క్వాలిటీ బాధ్యత నెత్తిన పడ్డవాళ్లు చదువుకుని చేసుకోవడానికి ఇది రాస్తున్నాను. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక గ్రాఫు కాగితం, ఒక చేతి గడియారం, మూడు నెలల ఓపిక ఉంటే చాలు.

సూత్రాలు ఎక్కడివి, మనకెంత అవసరం

క్వాలిటీ మాట ఫ్యాక్టరీల నుంచి వచ్చిందని చాలామంది సిస్టర్లు మొదట్లోనే దూరం జరుగుతారు. కొంత నిజమే. 1924లో అమెరికాలో టెలిఫోన్ పరికరాల తయారీ కోసం వాల్టర్ షూహార్ట్ కంట్రోల్ చార్ట్ (పనిలో మామూలు ఎగుడుదిగుడు ఏదో, నిజమైన మార్పు ఏదో చూపే గీత) గీశారు. ఆయన దారిలో నడిచిన డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజినీర్లకు పాఠాలు చెప్పారు. అయితే వాళ్లకంటే చాలా ముందే, 1858లో, ఒక నర్సు ఈ పని చేసింది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే అంటురోగాలతోనే ఎక్కువ చనిపోయారని ఫ్లారెన్స్ నైటింగేల్ నెలనెలా లెక్కలను రంగుల పటంగా గీసి ప్రభుత్వానికి చూపించింది. వార్డులో లెక్క రాయడం, ఆ లెక్కతో పెద్దల మనసు మార్చడం మన వృత్తిలో పుట్టిన విద్యే.

నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 9001 ఏడు సూత్రాలు చెబుతుంది. వార్డు భాషలో చెప్పాలంటే: పని పేషంట్ కోసం జరగాలి, పైవాళ్లు ముందుండాలి, చేసేవాళ్లను కలుపుకోవాలి, పనిని ఒక దారిగా చూడాలి, ఆగకుండా మెరుగుపరచాలి, లెక్క చూసి నిర్ణయించాలి, మన పని ఆధారపడ్డ పక్క విభాగాలతో సంబంధం బాగుండాలి. అవెడిస్ డొనాబెడియన్ 1966లో ఇంకో చూపు ఇచ్చారు: వసతి, పని జరిగే తీరు, ఫలితం అని మూడుగా విడదీసి చూడమన్నారు. ట్యాబ్‌లు కొన్నాం కదా అని మేనేజ్‌మెంట్ అంటే అది వసతి మాత్రమే. బెడ్ దగ్గర ఎంట్రీ జరుగుతోందా అన్నది పని తీరు. పరిస్థితి తేడా చేసిన (దిగజారుతున్న) పేషంట్‌ను ముందే గుర్తించామా అన్నది ఫలితం. ఇంతవరకు తెలిస్తే మొదలుపెట్టడానికి సరిపోతుంది.

మొదటి అడుగు: ఒక వార్డు, ఒక చార్ట్

మొత్తం ఆసుపత్రిని ఒకేసారి బాగుచేయాలని పెట్టుకోవద్దు. ఒక వార్డు తీసుకోండి, అందులో ఒక చార్ట్ తీసుకోండి. నా సలహా వైటల్స్ చార్ట్, అంటే బీపీ, నాడి, శ్వాస, జ్వరం రాసేది. అది ప్రతి షిఫ్టులో అందరూ రాసేదే, డాక్టర్లు నిజంగా చూసేదే, తప్పు జరిగితే వెంటనే ప్రభావం ఉండేదే. ఐసీయూతో మొదలుపెట్టకండి. అక్కడ మానిటర్లు ఉంటాయి, నర్సుకు పేషంట్లు తక్కువ. అక్కడ కుదిరింది జనరల్ వార్డులో కుదరదు.

ఈ పనికి నలుగురు చాలు: ఇన్‌చార్జ్, రాత్రి డ్యూటీలు ఎక్కువ చేసే ఒక స్టాఫ్ నర్సు, ఐటీ అబ్బాయి, వార్డు చూసే ఒక డాక్టర్. రాత్రి సిస్టర్ లేని కమిటీ వద్దు. పగటి వాళ్లకు తెలియని సంగతులన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.

రెండో అడుగు: ఒక బీపీ వెంట నడవండి

కుర్చీలో కూర్చుని ఫ్లోచార్ట్ గీయకండి. ఒక సిస్టర్ వెంట ఒక రౌండు మొత్తం నడవండి, గడియారం చేతిలో పెట్టుకోండి. పోలీసు తనిఖీ అనుకుంటారు కాబట్టి ముందే చెప్పండి: "నిన్ను చూడడానికి రాలేదమ్మా, పని ఏ దారిన పోతుందో చూడడానికి వచ్చిన." కఫ్ కట్టిన టైం, రీడింగ్ వచ్చిన టైం, అది మొదట ఎక్కడ రాశారు, తర్వాత ఎక్కడెక్కడికి ఎక్కించారు, చివరికి స్క్రీన్ మీదకు ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ రాసుకోండి.

మేము నడిచినప్పుడు ఒకే బీపీ నాలుగు చోట్ల రాస్తున్నారని తేలింది: చేతి మీది ప్లాస్టర్, టీపీఆర్ బుక్ (జ్వరం, నాడి, శ్వాస రాసేది), హ్యాండోవర్ బుక్ (షిఫ్టు అప్పగించేటప్పుడు రాసేది), చివరికి సిస్టం. సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు పాత రిజిస్టర్లు తీసేయమని ఎవరూ చెప్పలేదు, భయంతో ఎవరూ తీసేయలేదు. "సిస్టర్లు కంప్యూటర్ అంటే విసుక్కుంటున్నారు" అనే ఫిర్యాదు మూలం చాలాచోట్ల ఇదే. పాత పని అలాగే ఉండగా దాని మీద కొత్త పని వచ్చి పడింది.

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: కొత్త స్క్రీన్ ఒకటి మొదలైతే పాత రిజిస్టర్ ఒకటి మూతపడాలి. మూసే తేదీని నర్సింగ్ సూపరింటెండెంట్, ఎంఆర్‌డీ (మెడికల్ రికార్డుల విభాగం) కలిసి సంతకం పెట్టి నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండు వారాలు రెండూ నడపండి, పోల్చి చూడండి, తర్వాత బుక్కు స్టోరుకు పంపేయండి. నాణ్యత పేరుతో మీరు చేసే మొదటి పని సిస్టర్ల భారం తగ్గించేదై ఉంటే, తర్వాత మీరు చెప్పే ప్రతి మాటా వింటారు.

మూడో అడుగు: ఏ మాటకు ఏ అర్థమో ముందే తేల్చుకోండి

ఒకే గడిలో పదిమంది పది అర్థాలతో నింపితే తర్వాత ఎంత లెక్క కట్టినా దండగే. ప్రతి గడికి ఒక వాక్యంలో నిర్వచనం రాసి, ఆ కాగితం సిస్టం పక్కన అంటించండి. మాకు ఎక్కువ తకరారు వచ్చినవి ఇవి.

టైం: సిస్టర్ బీపీ చూసిన టైమా, ఎంటర్ చేసిన టైమా? రెండూ కావాలి. ఎంటర్ చేసిన టైం సాఫ్ట్‌వేర్ తానే పట్టుకుంటుంది. చూసిన టైం సిస్టర్ వేయాలి. 24 గంటల పద్ధతిలోనే వేయాలి, లేకపోతే రాత్రి పన్నెండు ఏ తేదీ కిందికి వస్తుందో తెలియదు.

ఇన్‌టేక్: "రెండు గ్లాసులు తాగింది" అని రాస్తే ఎన్ని మిల్లీలీటర్లు? ఇంటి నుంచి తెచ్చిన స్టీలు గ్లాసుల్లో ఒకటి 150 పడితే ఇంకోటి 250 పడుతుంది. కిడ్నీ పేషంట్‌కు, డెంగీ పేషంట్‌కు ఈ తేడా చిన్నది కాదు. కొలజాడీతో నీళ్లు పోసి వాళ్ల గ్లాసు ఎంత పడుతుందో అడ్మిషన్ రోజే కొలిచి, ఆ అంకెను గ్లాసు అడుగున ప్లాస్టర్ మీద రాయండి. ఆ తర్వాత "ఎన్ని గ్లాసులు తాగినవ్ అవ్వా?" అని అడిగితే వచ్చే జవాబు లెక్కకు పనికొస్తుంది.

పేషంట్ గుర్తింపు: పేషంట్‌ను రెండు వివరాలతో సరిచూసుకోవాలని ప్రతి ప్రమాణమూ చెబుతుంది. పేరు, పుట్టిన తేదీ అడిగితే చాలు అని పుస్తకం. మన దగ్గర ఆ రెండూ చాలవు. ఒకే వార్డులో ఇద్దరు సమ్మక్కలు, ముగ్గురు కొమురయ్యలు ఉండడం మామూలు. పెద్దవాళ్లకు పుట్టిన తేదీ తెలియదు, ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అనే ఉంటుంది. అంటే పేరూ తేదీ రెండూ కలిసిన ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఉండొచ్చు. అందుకే ఐపీ నంబరు (అడ్మిషన్ అప్పుడు ఇచ్చే ఇన్‌పేషంట్ నంబరు) ఒకటి, భర్త లేదా తండ్రి పేరుతో కలిపి పూర్తి పేరు ఇంకొకటి అని పెట్టుకున్నాం. ఊరు పేరు మూడోది, అనుమానం వస్తే అడగడానికి. "నువ్వు సమ్మక్కవేనా?" అని అడగొద్దు, ఇద్దరూ ఊ అంటారు. "నీ పేరేంది, మీ ఆయన పేరేంది, ఏ ఊరు?" అని వాళ్లతోనే చెప్పించండి. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో కొమురయ్యను ఇంగ్లిష్‌లో ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా టైపు చేస్తే అదే మనిషికి రెండు రికార్డులు తయారవుతాయి, పాత అలర్జీ వివరం రెండోదాంట్లో కనబడదు. ఫోన్ నంబరుతోనూ, 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) నంబరు ఉంటే దానితోనూ వెతికాకే కొత్త రికార్డు తెరవాలని కౌంటర్ వాళ్లకు చెప్పండి.

పేషంట్ మాట: "పెయ్యి కాలుతంది", "దమ్ము వస్తంది", "సోయి తప్పింది" అని మనవాళ్లు చెబుతారు. వేరే ప్రాంతం నుంచి వచ్చిన సిస్టర్‌కు దమ్ము అంటే ఆయాసమని తెలియకపోవచ్చు. స్క్రీన్ మీద ఇంగ్లిష్ జాబితాలో దగ్గరగా కనబడిన ఏదో ఒకదాని మీద నొక్కేస్తుంది. ఓ ఇరవై ముప్పై మాటల పట్టిక చేసి, ఏ మాటకు జాబితాలో ఏది నొక్కాలో ఎదురుగా రాయండి. పట్టిక చేయడానికి ఆయమ్మలను కూర్చోబెట్టుకోండి, వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు వార్డులో ఉండరు.

నాలుగో అడుగు: మూడు కొలతలు, అంతకు మించి వద్దు

మొదటిది నిండుదనం. రాయాల్సిన రీడింగుల్లో ఎన్ని రాశారు?

రెండోది సమయం. చూసిన టైంకీ ఎంటర్ చేసిన టైంకీ తేడా అరగంటలోపు ఉన్నవి ఎన్ని? వారానికి 20 రీడింగులు తీసుకుంటే, అందులో 13 అరగంటలోపు ఉంటే ఆ వారం లెక్క 65 శాతం. ఏ 20 తీసుకోవాలన్నది ముఖ్యం. బాగా రాసే సిస్టర్‌వే తీస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. బెడ్ నంబర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీయండి, పగలూ రాత్రీ రెండు షిఫ్టులూ రావాలి.

మూడోది నిజం. దీన్ని ఎవరూ కొలవరు, నాకు అన్నిటికంటే ఇష్టమైన కొలత ఇదే. చేతితో పంపు కొట్టే బీపీ మిషన్ మీద గీతలు 2 చొప్పున ఉంటాయి. నిజంగా చూసి రాస్తే చివరి అంకె 0, 2, 4, 6, 8 దాదాపు సమానంగా, ఒక్కోటి ఐదో వంతు చొప్పున రావాలి. ఒక నెల బీపీలు ఎక్సెల్‌లోకి దించి చివరి అంకెలు లెక్కపెట్టండి. సగానికి పైగా సున్నాలే ఉంటే ఎక్కడో అంచనాకు రాస్తున్నారన్నమాట.

శ్వాస లెక్క చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. వార్డు మొత్తానికి 18, 20 తప్ప వేరే అంకె లేకపోతే నిమిషం పాటు ఎవరూ లెక్కపెట్టడం లేదు. దీని ఖరీదు ఎంతో చూడండి. పేషంట్ తేడా చేయడాన్ని ముందే పసిగట్టడానికి బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరు తెచ్చింది, 2017లో దాన్ని సవరించింది. మన దగ్గరా కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది ఉంది. అందులో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24 ఉంటే రెండు, 25 ఆ పైన ఉంటే మూడు మార్కులు. మొత్తం 5కి చేరితే, లేదా ఏ ఒక్కదాంట్లోనైనా 3 వస్తే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, 7 ఆ పైన ఉంటే ఎమర్జెన్సీ. 26 ఉన్న మనిషికి లెక్కపెట్టకుండా 20 వేస్తే మూడు మార్కులు మాయమైపోతాయి, రావాల్సిన అలారం రాదు. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా దానికి పేషంట్ ఛాతీ కనబడదు, మనం వేసిన అంకె ఒక్కటే కనబడుతుంది.

మార్పు ఏదీ చేయకుండా మొదట నాలుగు వారాలు ఊరికే కొలవండి. ఇది ఓపిక పరీక్షే. ఆ నాలుగు వారాల లెక్క లేకపోతే తర్వాత బాగుపడ్డామని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు.

ఐదో అడుగు: గోడ మీద గీత

గ్రాఫు కాగితం మీద అడ్డంగా వారాలు, నిలువుగా శాతం. వారానికో చుక్క. పది పన్నెండు చుక్కలు వచ్చాక వాటిని చిన్న నుంచి పెద్దకు వరస పెట్టి మధ్యది తీసి అడ్డగీత గీయండి, అదే మీడియన్. నాలుగు వారాలకే చుక్కలు చాలవనుకుంటే వారానికి బదులు రోజుకో చుక్క పెట్టుకోవచ్చు.

ఒక వారం 70, తర్వాతి వారం 60 వస్తే ఎవరినీ పిలిచి అడగకండి. ఆ మాత్రం ఎగుడుదిగుడు ప్రతి పనిలోనూ ఉంటుంది. వరసగా ఆరు చుక్కలు గీతకు ఒకే పక్కన పడినా, వరసగా ఐదు చుక్కలు ఎక్కుతూనో దిగుతూనో పోయినా, అప్పుడు నిజంగా ఏదో మారిందని అర్థం. ప్రతి చిన్న తగ్గుదలకూ మెమో ఇచ్చే చోట లెక్కలు బాగుపడతాయి, పని బాగుపడదు. సిస్టర్లు లెక్క ఎలా కావాలో అలా రాయడం నేర్చుకుంటారు.

సిస్టర్ల పేర్లతో పట్టిక గోడ మీద పెట్టకండి. వార్డు లెక్క పెట్టండి.

ఆరో అడుగు: ఎందుకు, మళ్లీ ఎందుకు

మా వార్డులో రాత్రి పది గంటల రౌండు ఎంట్రీలే ఎప్పుడూ ఆలస్యం. అందరి నోటా ఒకటే మాట: స్టాఫ్ తక్కువ. అది నిజం, కానీ ఆరు గంటల రౌండుకూ స్టాఫ్ అంతేగా. కూర్చుని ఒక్కో ఎందుకు అడుగుతూ పోయాం.

ఎందుకు ఆలస్యం? సిస్టం ఖాళీ ఉండదు. ఎందుకు ఉండదు? ఆ టైంలో రెండో సిస్టర్ ఫార్మసీ ఇండెంట్ (వార్డుకు కావాల్సిన మందుల జాబితా) పెడుతుంటుంది. అప్పుడే ఎందుకు? ఫార్మసీ వాళ్లు పదిన్నరకు ఇండెంట్ మూసేస్తారు. పదిన్నరే ఎందుకు? ఫార్మసీలో షిఫ్టు మారే టైం అది, ఎప్పుడో పెట్టారు, ఎవరూ మార్చమని అడగలేదు.

ఫార్మసీ ఇన్‌చార్జ్ దగ్గరికి వెళ్లి మాట్లాడితే, రొటీన్ ఇండెంట్ ఎనిమిదిలోపు పంపితే వాళ్లకే మేలన్నారు, రాత్రి మందులు తీసిపెట్టడానికి టైం దొరుకుతుందట. సాఫ్ట్‌వేర్ మార్చలేదు, రూపాయి ఖర్చు కాలేదు. వైటల్స్ చార్ట్ ఆలస్యానికి మూలం ఫార్మసీ గడియారంలో ఉందని వార్డులో కూర్చుని ఎంత ఆలోచించినా తట్టేది కాదు. పక్క విభాగంతో సంబంధం అన్న సూత్రం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

కారణాలు ఎక్కువగా ఉంటే రెండు వారాలు ఒక్కో ఆలస్యానికి ఒక్కో గీత గీసి లెక్కపెట్టండి. రెండు మూడు కారణాలే ఎక్కువ గీతలు తీసుకుంటాయి. వాటినే పట్టుకోండి, మిగతావి తర్వాత.

ఏడో అడుగు: చిన్నగా చేసి చూడండి

డెమింగ్ నేర్పిన చక్రం నాలుగు మాటలు: అనుకో, చెయ్, చూడు, మార్చు. మనవాళ్లు రెండో మాట దగ్గర తొందరపడతారు. అన్ని వార్డులకూ ఒకేరోజు సర్క్యులర్ వేస్తారు. అలా కాకుండా ఒక సిస్టర్, ఒక షిఫ్టు, నాలుగు బెడ్లతో చేయండి. మొదలుపెట్టే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో ఒక వాక్యం రాయండి. అది రాయకపోతే ఏం జరిగినా "నేను అనుకున్నదే" అనిపిస్తుంది.

మేము ట్యాబ్‌ను డ్రెస్సింగ్ ట్రాలీ మీద పెట్టి నాలుగు బెడ్లకు చేసి చూశాం. ఎంట్రీ అప్పటికప్పుడే పడిపోతుందని రాసుకున్నాం. పడలేదు. గ్లవ్స్ తీసి, చేతులు శుభ్రం చేసుకుని, ట్యాబ్ ముట్టుకుని, మళ్లీ శుభ్రం చేసుకుని తర్వాతి బెడ్‌కు పోవాలి. అది మానితే ఇన్ఫెక్షన్, చేస్తే ఆలస్యం. రెండో రోజు హ్యాండ్ రబ్ సీసాను ట్రాలీకి కట్టాం, ట్యాబ్‌కు తుడవడానికి వీలైన కవర్ వేశాం. మూడో రోజు వైటల్స్ స్క్రీన్ మొదటిదిగా తెరుచుకునేలా ఐటీ అబ్బాయి మార్చాడు, అంతకుముందు ఐదు చోట్ల నొక్కితేనే వచ్చేది. నాలుగో రోజుకు కుదిరింది. ఇదే సర్క్యులర్‌గా వేసి ఉంటే మొదటి రోజే "ట్యాబ్ పనికిరాదు" అని అల్మారాలో పెట్టేసేవాళ్లు.

స్క్రీన్‌లో మార్పులు అడిగేటప్పుడు

ఐటీ వాళ్లను గానీ కంపెనీని గానీ "అన్నీ తప్పనిసరి గడులు చేయండి" అని అడగకండి. నేను అడిగాను, తప్పు చేశాను. నొప్పి స్కోరు వేస్తే తప్ప పేజీ ముందుకు పోకుండా పెట్టించాను. వారంలో నిండుదనం వందకు వంద వచ్చింది. కేసులు తెరిచి చూస్తే నిన్న ఆపరేషన్ అయిన పేషంట్లకు కూడా నొప్పి సున్నా అని ఉంది. తప్పించుకోలేని గడిని మనిషి అబద్ధంతో నింపుతాడు. ఖాళీ గడి కనీసం నిజం చెబుతుంది, చూడలేదని. ఆ తర్వాత "చూడలేదు" అని ఒక ఎంపిక, దాని కింద నాలుగు కారణాలు పెట్టించాం: పేషంట్ ఎక్స్‌రేకు వెళ్లారు, నిద్రలో ఉన్నారు, వద్దన్నారు, తీరిక దొరకలేదు. చివరి కారణం ఎక్కువైన షిఫ్టుల లెక్కే తర్వాత స్టాఫ్ అడగడానికి మా చేతికి ఆధారం అయ్యింది.

ముందే "నార్మల్" అని నింపి వచ్చే గడులను తీయించండి. పాత నోట్సు కాపీ చేసే బటన్ ఉంటే వైటల్స్‌కు అది పనిచేయకుండా చేయించండి. 370 లాంటి టెంపరేచర్ వేస్తే ఆపాలి, కానీ నిజంగా రాగల అంకెను ఆపకూడదు, మళ్లీ అడిగి ఒప్పుకోవాలి. ఎంట్రీ దిద్దితే పాతదీ కొత్తదీ రెండూ, ఎవరు ఎప్పుడు దిద్దారో సహా ఉండిపోవాలి.

లాగిన్ సంగతి. మానిటర్ అంచున ప్లాస్టర్ మీద పాస్‌వర్డ్ రాసి ఉన్న వార్డులు మీకూ తెలుసు. తిట్టే ముందు లాగిన్ కావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పెట్టి చూడండి. నిమిషం పడితే షిఫ్టంతా ఒకే లాగిన్ నడుస్తుంది, ఎవరు చూసిన బీపీ ఎవరి పేరున పడిందో దేవుడికెరుక. ఇది సిస్టర్లకే ముప్పు, రేపు కేసు అయితే ఆ పేరు గల అమ్మాయే జవాబు చెప్పాలి. ఐడీ కార్డు చూపిస్తే తెరుచుకునే ఏర్పాటో, చిన్న పిన్ నంబరో అడగండి. పేషంట్ వివరాలు కాపాడడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కిందికి వస్తుంది. వార్డు వాట్సాప్ గ్రూపులో కేస్ షీట్ ఫోటోలు పెట్టడం ఈ రోజే ఆపేయండి.

కరెంటు పోయినప్పుడు

సర్వర్ ఆగితే ఏం చేయాలో కాగితం మీద ఉండాలి, సిస్టంలో కాదు. ఎర్ర డబ్బా ఒకటి పెట్టి అందులో ఖాళీ వైటల్స్ షీట్లు, డ్రగ్ చార్ట్లు, పెన్నులు, టార్చి ఉంచండి. నాలుగు గంటలకోసారి వార్డు పేషంట్ల జాబితా అలర్జీలతో సహా ప్రింట్ తీసి పాతది చింపేయండి. సిస్టం తిరిగొచ్చాక ఎక్కించేటప్పుడు చూసిన అసలు టైమే వేయాలి, ఆలస్యపు ఎంట్రీ అని గుర్తు పెట్టాలి, కాగితం కేస్ షీట్‌లోనే ఉండాలి. నెలకోసారి కావాలనే గంటసేపు కాగితం మీద నడిపి చూడండి.

తప్పు చెప్పుకునే చోటు

మొదట్లో చెప్పిన ఆ రాత్రి అమ్మాయిని నేను కేకలేయలేదు. ఆ ప్లాస్టర్ ముక్క ఉందా అని అడిగితే జేబులోంచి తీసి ఇచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ముక్కను కాగితానికి అంటించి మీటింగ్‌లో పేరు చెప్పకుండా చూపించాను. "మాకూ ఇట్లనే అయింది మేడం" అని మరో ముగ్గురు చెప్పారు. కేకలేసి ఉంటే ఆ మూడూ ఎప్పటికీ తెలిసేవి కావు. తృటిలో తప్పినవాటిని పేరు లేకుండా చీటీ మీద రాసి వేసే డబ్బా పెట్టండి. వారంలోపు దాని మీద ఏం చేశారో బోర్డు మీద రాయండి. జవాబు రాని డబ్బాలో మూడో వారం నుంచి చీటీలు పడవు.

ప్రమాణాల లెక్క

కార్పొరేట్, ప్రైవేటు ఆసుపత్రులు ఎన్‌ఏబీహెచ్‌ (ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపుకు పోతాయి, అందులో సమాచార నిర్వహణకు వేరే అధ్యాయమే ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులకు 2013లో వచ్చిన జాతీయ నాణ్యతా ప్రమాణాలు, ఎన్‌క్వాస్, ఎనిమిది విభాగాలుగా ఉన్నాయి, సర్టిఫికెట్‌కు మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి. మీ గ్రాఫు కాగితాలు, మూసేసిన రిజిస్టర్ల నోటీసు, చీటీ డబ్బా బోర్డు తేదీలతో సహా ఒక ఫైల్లో పెడితే తనిఖీకి వేరే తయారీ పెద్దగా అక్కర్లేదు. తనిఖీ నెలలో రాత్రికి రాత్రి ఫైళ్లు తయారుచేసే పద్ధతి మాత్రం సిస్టర్ల నమ్మకాన్ని చంపేస్తుంది.

నిలబెట్టుకోవడం, తర్వాతి చార్ట్

మూడు నెలల్లో గీత పైకి పోతుంది. తర్వాత ఇద్దరు పాత సిస్టర్లు ప్రభుత్వ పోస్టు వచ్చి వెళ్లిపోతారు, కొత్త బ్యాచ్ వస్తుంది, గీత దిగుతుంది. కొత్తగా చేరినవాళ్లకు క్లాసు రూములో సాఫ్ట్‌వేర్ చూపించి వదిలేయకుండా, మొదటి మూడు డ్యూటీలు ఒక పాత సిస్టర్ ట్రాలీ వెంట నడిపించండి. రెండేళ్లకోసారి మేడారం జాతర నెలలో, వానాకాలం జ్వరాల్లో పేషంట్లు రెట్టింపయ్యే రోజులు ముందే తెలుసు. ఆ వారాలకు ఏ గడులు తప్పకుండా నింపాలి, ఏవి తర్వాత నింపొచ్చు అని ముందే చిన్న జాబితా చేసుకోండి. ఆ చుక్కలకు గ్రాఫు మీద వేరే రంగు వేయండి.

వైటల్స్ లెక్క వరసగా ఆరు వారాలు కొత్త ఎత్తులో నిలబడ్డాక రెండో చార్ట్ ఎంచుకోండి. ఏదో చీటీల డబ్బానే చెబుతుంది. మాకు ఇన్సులిన్ చార్ట్ అని చెప్పింది. యూనిట్లు అనే మాటకు బదులు యు అక్షరం రాస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ముందు "యూనిట్లు" అని పూర్తిగా వచ్చేలా గడి మార్పించాం. ఆ తర్వాత మళ్లీ రెండో అడుగు నుంచే: సిస్టర్ వెంట నడవండి, ఇన్సులిన్ వేసిన టైం ఒక కాలమ్‌లో, అన్నం ట్రాలీ ఆ బెడ్ దగ్గరికి వచ్చిన టైం పక్క కాలమ్‌లో, ఒక వారం పాటు ఊరికే రాయండి.